హార్మోనియం నుంచి మిడి దాకా: బరువు తగ్గించడానికి ఏం తీసేశారు?

కొత్త కీబోర్డో, బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయరో మార్కెట్లోకి వచ్చిందంటే ప్రకటనలో ముందుగా కనిపించేది బరువు. ఇన్ని కిలోలే, భుజాన తగిలించుకుని వెళ్ళిపోవచ్చు, ఇన్ని గంటలు బ్యాటరీ వస్తుంది.. ఇలా ఉంటుంది వరస. కచేరీలు చేసుకుని బతికేవాళ్ళకి అది చిన్న విషయమేం కాదు లేండి. అర్ధరాత్రి ప్రోగ్రాం అయిపోయాక సామానంతా వ్యానులోకి ఎక్కించాల్సింది వాళ్ళే కదా! అయితే ఆ ప్రకటనల్లో ఎప్పుడూ కనపడని లైను ఒకటుంది. బరువు తగ్గించడం కోసం ఏం తీసేశారు అన్నది.

మన ఉద్యోగాల్లో రోజూ చేసే పనే ఇది. ఫైలు సైజు తగ్గాలంటే ఏదో ఒకటి వదిలెయ్యాలి. జేపెగ్ అయితే కంటికి ఆనని వివరాలు వదిలేస్తుంది, ఎంపీత్రీ అయితే చెవికి అందని శబ్దాలు వదిలేస్తుంది. బానే ఉంది. కానీ ఆనదు, అందదు అని తేల్చేది ఎవరి కన్ను, ఎవరి చెవి? సంగీత వాయిద్యాల విషయంలో ఈ ప్రశ్నకి 180 ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన సంగీతం ఒకసారి లాభపడింది, ఒకసారి బాగా నష్టపోయింది. ఇవాళ మన పిల్లలు నేర్చుకుంటున్నది ఆ లాభనష్టాల లెక్క మీదే కాబట్టి ఓసారి తిరగేసి చూద్దామని ఈ టపా.

ఎడమచెయ్యి పోయింది, ఎవరికీ బాధ లేదు

1842లో పారిస్‌లో అలెగ్జాండ్రె దెబాన్ అనే ఆయన హార్మోనియం మీద పేటెంటు తీసుకున్నాడు. చర్చిలో గోడంత ఎత్తున ఉండే పైపు ఆర్గాను కొనలేనివాళ్ళ కోసం వచ్చిన సరుకు అనుకోవచ్చు దాన్ని. పైపులన్నీ పోయి, గాలి తగిలితే కంపించే లోహపు రీడ్లు వచ్చాయి. గోడంత వాయిద్యం కాస్తా బల్లంత అయింది. వాయించేవాడు కుర్చీలో కూచుని, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ, రెండు చేతులతోనూ మెట్లు నొక్కాలి. మిషనరీలతోనూ దొరలతోనూ అది ఓడెక్కి మన దేశం చేరింది.

పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్ళలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ (డ్వార్కిన్ కంపెనీ ఈయనదే) దాన్ని మనకి తగ్గట్టు మార్చాడు. కాళ్ళు తీసేశాడు. తిత్తిని వెనక్కి తెచ్చి చేత్తో కొట్టేలా పెట్టాడు. ఇహ అది నేలమీద పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని, ఒక చేత్తో తిత్తి కొడుతూ రెండో చేత్తో వాయించుకునే పెట్టె అయింది. చంకన పెట్టుకుని రైలెక్కొచ్చు!

ఇక్కడ పోయిందేంటో గమనించారా? ఒక చెయ్యి. తిత్తికి ఒక చెయ్యి పోతే వాయించడానికి మిగిలేది ఒకటే. యూరోపియన్ సంగీతకారుడికి ఇది సగం ప్రాణం పోయినట్టు. వాళ్ళ సంగీతంలో ఒక చెయ్యి రాగం వాయిస్తుంటే రెండోది కింద కార్డ్స్ పట్టుకుంటుంది. మనకి ఆ అవసరం లేదు. మనది ఒకే గీతగా సాగిపోయే సంగీతం. కాబట్టి ఘోష్ తీసేసింది మనకి అక్కర్లేనిదాన్ని. ఎవరికోసం తయారుచేస్తున్నాడో తెలిసినవాడు తీసుకునే నిర్ణయం ఇలా ఉంటుంది.

ఒక్కటి మాత్రం పారిస్ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. స్థాయికి పన్నెండు మెట్లు. ఒక్కో మెట్టుకి ఒక్కో రీడ్ స్వరం, తయారైన రోజున ఎంత పలికిందో ఎప్పటికీ అంతే పలుకుతుంది. మన గొంతు అలా కాదు. రిషభం నుంచి గాంధారానికి వెళ్ళేటప్పుడు ఆ మధ్య దారంతా సంగీతమే. తోడి రాగంలో గాంధారాన్ని నిలబెట్టి పాడితే అది తోడి అవదు, దాన్ని ఊపాలి. ఆ ఊపే గమకం. మెట్ల మీద ఆ దారి లేదు, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి దూకడమే.

ఈ గొడవ ఎంత దూరం వెళ్ళిందంటే, 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం వాయించకూడదన్నారు. వ్యతిరేకించినవాళ్ళలో రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన ఇంగ్లీషు సంగీతకారుడు జాన్ ఫౌల్డ్స్ ఉన్నాడు, మన రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా ఉన్నాడు. ఆ నిషేధం సడలింది 1971లో. అంటే ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. రేడియోవాళ్ళు వద్దన్నా మన ఊళ్ళు వద్దనలేదు. తెలుగు పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించండి చూద్దాం. మైకులు లేని రోజుల్లో నటుడు పై శృతిలో పద్యం అందుకుంటే ఆఖరి వరసలో ఉన్నవాడికి వినపడేది. ఆ శృతి జారకుండా పట్టుకున్నది హార్మోనిస్టే. నటుడు రాగం తీస్తాడు, గమకం ఆయన గొంతులో ఉంటుంది, పెట్టె వెనకాల నుంచి ఆసరా ఇస్తుంది. హార్మోనియం లోపం గొంతు చాటున దాగిపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

వంద కిలోల వాయిద్యం

ఇప్పుడు కరెంటు యుగంలోకి వద్దాం. హామండ్ బి-3 అనే ఎలక్ట్రిక్ ఆర్గాను అమెరికన్ చర్చిల్లోనూ, జాజ్, రాక్ వేదికల మీదా రాజ్యమేలింది. బల్లతో సహా దాని బరువు 180 కిలోల పైమాటే. దాన్ని రోజుకో ఊరికి మోసిన బృందాలున్నాయంటే దండం పెట్టాలి.

1970 దశకంలో సింథసైజర్లు వచ్చాయి. వాటిలో 1977లో వచ్చిన యామహా సీఎస్-80 గురించి చెప్పుకోవాలి. సుమారు వంద కిలోలు. కానీ ఆ వంద కిలోల్లో ఏముందో చూడండి. మెట్టు నొక్కాక వేలిని ఇంకా అదిమితే ఆ స్వరం ఒక్కటీ స్పందిస్తుంది. పక్క వేలి కింద ఉన్న స్వరం కదలదు. ఏ వేలి బరువు ఆ వేలిదే. దానికి తోడు మెట్ల పైన ఒక పొడుగాటి రిబ్బను ఉండేది. దానిమీద వేలు జరిపితే స్వరం జారుతుంది. బ్లేడ్ రన్నర్ (1982) సినిమాకి వాంజెలిస్ ఇచ్చిన సంగీతంలో ఏడుస్తున్నట్టు జారే స్వరాలు ఈ యంత్రానివే.

అంటే గమకం దిశగా ఒక అడుగు వేసిన కీబోర్డు అప్పటికే ఉంది. కాకపోతే దాన్ని మొయ్యడానికి నలుగురు కావాలి, కొనడానికి ఆస్తి కావాలి.

ఐదు పిన్నుల కేబుల్

ఆ రోజుల్లో ఇంకో తలనొప్పి ఉండేది. ఒక కంపెనీ సింథసైజరుతో ఇంకో కంపెనీదాన్ని కలపడం కుదిరేది కాదు. మూగ్ వాళ్ళది ఒక స్థాయికి ఒక వోల్టు పద్ధతి. యామహా, కోర్గ్ వాళ్ళవి వేరే లెక్కలు. ఒకడి వోల్టేజీ ఇంకొకడికి అర్థం కాదు. మన భాషలో చెప్పాలంటే ఎవడి ఏపీఐ వాడిదే, డాక్యుమెంటేషన్ కూడా ఎవడిది వాడిదే. వేదిక మీద నాలుగు కీబోర్డులు వాయించాలంటే చుట్టూ గోడలా పేర్చుకుని మధ్యలో నిలబడాల్సిందే.

దీన్ని తేల్చాలని పట్టుబట్టింది ఇద్దరు. ఒకాయన ఇకుతారో కకెహాషి. 1930లో ఒసాకాలో పుట్టాడు. పసితనంలోనే తల్లిదండ్రుల్ని క్షయ మింగేసింది. గడియారాలు, రేడియోలు బాగుచేసుకుంటూ పైకొచ్చి, 1972లో రోలాండ్ కంపెనీ పెట్టాడు. సంగీతం శాస్త్రీయంగా నేర్చుకున్నవాడు కాదు. బహుశా అందుకేనేమో, సంగీతం రానివాడు కూడా వాయించగలిగేలా వాయిద్యాలు ఉండాలన్నది ఆయన పట్టు. రెండో ఆయన కాలిఫోర్నియాలో డేవ్ స్మిత్. బర్కిలీలో కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్ చదివి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అనే చిన్న కంపెనీ పెట్టి, 1978లో మైక్రోప్రాసెసర్ ఉన్న ప్రాఫెట్-5 సింథసైజరు తెచ్చాడు. మనలాంటివాడే అన్నమాట.

1981లో కకెహాషి కదిపిన మాట మీద స్మిత్ తన సహోద్యోగి చెట్ వుడ్‌తో కలిసి ఒక ప్రతిపాదన రాసి, ఆ నవంబరులో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో చదివాడు. అమెరికన్ కంపెనీలు చాలావరకు పెద్దగా పట్టించుకోలేదు. జపాన్ నుంచి రోలాండ్, యామహా, కోర్గ్, కవాయ్ మాత్రం కూచున్నాయి. పసిఫిక్‌కి అటూ ఇటూ ఉత్తరాలు, డ్రాఫ్టులు తిరిగాయి. పేరు కూడా మారింది. మధ్యలో యూఎమ్ఐ అని, అంటే "యూ-మీ" అని పలికేలా ఒక పేరు అనుకున్నారట, నీకూ నాకూ మధ్య అన్నట్టు. చివరికి మిడి అని ఖాయం చేశారు.

1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ ప్రదర్శనలో స్మిత్ కంపెనీవారి ప్రాఫెట్-600కీ రోలాండ్ జుపిటర్-6కీ మధ్య ఒక కేబుల్ తగిలించారు. ఒకదాని మీద నొక్కితే రెండోది పలికింది! ఆ ఆగస్టులో స్పెసిఫికేషన్ అచ్చయింది. లైసెన్సు ఫీజు లేదు, రాయల్టీ లేదు. ఎవరైనా చదువుకుని చేసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అన్న మాటే పుట్టని రోజులవి.

ఇహ లోపల ఏముందో చూద్దాం, ఇది మనకి ఇష్టమైన భాగం కదా. సీరియల్ లింకు, సెకనుకి 31,250 బిట్లు. ఈ విడ్డూరపు సంఖ్య ఎక్కణ్ణించి వచ్చిందంటే, 1 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 32తో భాగిస్తే వచ్చేది అది. అప్పటి చవక చిప్పులకి సులువు. కనెక్టరు ఐదు పిన్నుల డిన్, అప్పట్లో ఆడియో సామాన్లలో మామూలుగా దొరికేదే. ఒక మెట్టు నొక్కితే వెళ్ళేది మూడు బైట్లు: నొక్కారు అన్న సంగతి (ఏ ఛానెల్లోనో దానితోనే), ఏ మెట్టు (0 నుంచి 127), ఎంత వేగంగా నొక్కారు (0 నుంచి 127). స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకి పది బిట్లు. అంటే మూడు బైట్లకి దాదాపు ఒక మిల్లీసెకను. చాలా పొదుపైన డిజైను. 1983లో పెట్టిన వెర్షన్ నంబరు 1.0, ముప్ఫయ్యారేళ్ళ తర్వాత కూడా 1.0 గానే ఉందంటే ఊహించుకోండి. మనం రాసిన ఇంటర్‌ఫేసు ఏదైనా మూడేళ్ళు అలా ఉందా?

కానీ ఆ మూడు బైట్లని ఇంకోసారి చదవండి. మెట్టు నొక్కారు, మెట్టు వదిలారు. మిడి దృష్టిలో సంగీతం అంటే సంఘటనల జాబితా. ఒక సంఘటనకీ ఇంకో సంఘటనకీ మధ్య ఏం లేదు. మన సంగీతానికి ప్రాణం ఉన్నది సరిగ్గా ఆ మధ్యలోనే.

గమకం అసలే లేదని కాదు. పిచ్ బెండ్ అని ఒక మెసేజి ఉంది. 14 బిట్లు, అంటే 16,384 మెట్లు, నున్నగానే జారుతుంది. అయితే అది ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. ఒక స్వరాన్ని వంచితే ఆ ఛానెల్లో మోగుతున్న అన్ని స్వరాలూ వంగుతాయి. కింద షడ్జమం పట్టి ఉంచి పైన గాంధారాన్ని ఊపితే షడ్జమం కూడా ఊగుతుంది. ఇంకేం కచేరీ! పైగా స్వరాన్ని వంచడానికి పక్కన ఉన్న చక్రం తిప్పాలి, అంటే ఎడమచెయ్యి మళ్ళీ పోయింది. ద్వారకానాథ్ ఘోష్ తిత్తి దగ్గర పెట్టిన చెయ్యి వందేళ్ళ తర్వాత చక్రం దగ్గరకి చేరింది, అంతే తేడా.

అందరికీ అందిన కీబోర్డు

అదే 1983లో యామహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్ఎమ్ సింథసిస్ దాని గుండెకాయ. అమెరికన్ ఆర్గాను కంపెనీలు అక్కర్లేదన్న ఆ గణితాన్ని యామహా తీసుకుంది. బరువు సుమారు 14 కిలోలు, ధర 2000 డాలర్ల లోపు. వంద కిలోల సీఎస్-80 పక్కన పెట్టి చూడండి! రెండు లక్షల దాకా అమ్ముడుపోయింది. ఇంతకీ ఏం తీసేశారు? వేలివేలికీ విడిగా స్పందించే గుణం పోయింది, రిబ్బను పోయింది. వేలు అదిమితే వచ్చే మార్పు ఉంది గానీ అది మొత్తం కీబోర్డుకి ఒకటే. మిడిలో వేలివేలికీ విడిగా ఒత్తిడి పంపే మెసేజి ఉంది, దాన్ని పంపే కీబోర్డులే అరుదైపోయాయి.

అప్పటికే కాల్‌క్యులేటర్లు చేసే కాషియో కంపెనీ 1980లో కాషియోటోన్ 201తో ఇళ్ళలోకి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు తెచ్చిన వీఎల్-1 అయితే ఒకే డబ్బాలో కాల్‌క్యులేటరూ, కీబోర్డూ. ఇది బొమ్మ అని నవ్వినవాళ్ళున్నారు. 1981లో వచ్చిన చవక కీబోర్డు ఎంటీ-40లో హిరోకో ఒకుడా అనే యువ ఉద్యోగిని చేసిపెట్టిన ఒక రెడీమేడ్ రిథమ్ ఉంది. 1985లో జమైకాలో దాని మీద "స్లెంగ్ టెంగ్" అనే పాట కట్టారు. ఆ దెబ్బకి అక్కడి రెగే సంగీతమే మలుపు తిరిగింది. తయారుచేసినవాళ్ళు కలలో కూడా అనుకోని వాడకం అది. చవక సామాను పేదవాడి చేతికి అందితే జరిగే మేలు ఇది, దాన్ని తక్కువ చెయ్యకూడదు.

మేలుతో పాటు దెబ్బ కూడా తగిలింది. కార్డ్స్, వయొలిన్లు, డ్రమ్స్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటే అవి వాయించేవాళ్ళతో పనేముంది? 1982 మేలో బ్రిటన్ సంగీతకారుల యూనియన్ లండన్ శాఖ సింథసైజర్లనీ డ్రమ్ మెషిన్లనీ నిషేధించాలని తీర్మానం కూడా పెట్టింది. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో పదులకొద్దీ వయొలిన్లు ఒకేసారి వాయించిన రోజులు కూడా ఆ తర్వాత క్రమంగా తగ్గిపోయాయి. మన ఊళ్ళలో పెళ్ళికో జాతరకో వచ్చే ఆర్కెస్ట్రాలో పదిమంది ఉండే చోట కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు మిగిలారు. ఆ పదిమందిలో మిగతావాళ్ళు ఏమైపోయారన్నది ఏ ప్రకటనలోనూ ఉండదు. ఆటోమేషన్ గురించి మనం ఆఫీసుల్లో ఇవాళ భయపడుతున్నది వాళ్ళు నలభయ్యేళ్ళ కిందటే చూశారు.

యాంప్లిఫయరు చేసిన మేలు

ఇదంతా చదివి, ఈయన కరెంటు వాయిద్యాలంటేనే పడనివాడు అనుకునేరు. కానే కాదు. దీనికి సరిగ్గా ఎదురు కథ మన పాలకొల్లులో ఉంది.

1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతిలో ఉన్నది మాండొలిన్, యూరప్ నుంచి వచ్చిన చిన్న తీగల వాయిద్యం. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు. మీటితే టింగుమని మోగి వెంటనే చచ్చిపోతుంది. స్వరం బతికుంటేనే కదా దాన్ని జార్చడం! జంట తీగలైతే రెండింటినీ ఒకేలా లాగడం ఇంకో కష్టం. అలాంటిదాని మీద కర్ణాటక సంగీతమా అని అందరూ నవ్వేవాళ్ళే. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. మీటిన నాదం సన్నగిల్లిపోతున్నా యాంప్లిఫయరు దాన్ని చెవిదాకా మోసుకొస్తుంది. అందుకని ఒక్క మీటు మీద స్వరం నుంచి స్వరానికి జారే సమయం దొరికింది. గమకానికి కావాల్సింది అదే. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఈ కుర్రాడి కచేరీకి జనం లేచి నిలబడ్డారు. అదే ఏడాది కాలిఫోర్నియాలో మిడి పుట్టింది. రెండూ ఎలక్ట్రానిక్సే. ఒకటి స్వరాల మధ్య దారిని తీసేసింది, ఇంకోటి ఆ దారిని వినపడేలా చేసింది.

యాంప్లిఫయరుకి సంగీతం గురించి అభిప్రాయం ఉండదు. ఇచ్చినదాన్ని పెద్దది చేస్తుంది, అంతే. కీబోర్డుకి అభిప్రాయం ఉంది. స్వరం అంటే ఇది, ఇవి పన్నెండే, అని ముందే తేల్చేసుకుని వస్తుంది. మన పరిభాషలో ఒకటి పైపు, ఇంకోటి స్కీమా. పైపులో ఏదైనా పారుతుంది. స్కీమాలో కాలమ్ లేనిది ఎంత గొప్పదైనా డేటాబేసులోకి రాదు.

స్కీమా రాసేవాడు మనవాడైతే ఏమవుతుందో చూడాలంటే బెంగుళూరు వెళ్ళాలి. హెచ్ఏఎల్‌లో పనిచేసిన ఇంజనీరు, స్వయంగా వేణువు వాయించే జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తెచ్చాడు. రేడెల్ అంటే చాలామందికి తెలుస్తుంది. తంబురా అంటే మనిషంత ఎత్తుండే వాయిద్యం, బస్సులో పెట్టలేం, రైల్లో పెడితే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. దాన్ని చేతిసంచిలో పట్టే డబ్బా చేశాడు. శృతిని మెట్లుగా కట్టెయ్యకుండా, మరతిప్పి గాయకుడి గొంతుకి సరిపోయేలా సన్నగా సవరించుకునే వీలు పెట్టాడు. తనూ వాయిస్తాడు కాబట్టి ఏం తియ్యకూడదో తెలుసు. నిజం తంబురా నాదంలోని నిండుదనం అందులో రాదని విద్వాంసులు అంటారు, నిజమే. కానీ ఊరూరా తిరిగే గాయకుడికి శృతి ఒంటరిగా కూడా దొరికింది. ఇవాళ అది ఫోన్లో యాప్ అయిపోయింది.

తీసేసినదాన్ని మళ్ళీ కలపడం

వదిలేసిన దారి కోసం మిగతావాళ్ళు కూడా వెతుకుతూనే వచ్చారు. కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద కచేరీ స్థాయిలో వాయించే కె. సత్యనారాయణన్ లాంటివాళ్ళు కుడిచేత్తో మెట్లు, ఎడమచేత్తో పిచ్ చక్రం పట్టుకుని గమకాలు సాధించారు. వింటే ఆశ్చర్యం వేస్తుంది. అయితే అది వాయిద్యం ఇచ్చింది కాదు, వాయిద్యంతో పోరాడి తెచ్చుకున్నది. యామహా, కాషియో లాంటి కంపెనీలు ఇండియా కోసమని ప్రత్యేకంగా మోడళ్ళు తెచ్చాయి. తబలా, సితార్, తంబురా శబ్దాలన్నీ పెట్టారు. శబ్దం సితారుదే, మెట్లు మాత్రం ఆ పన్నెండే. వేషం మార్చారు, స్కీమా మార్చలేదు.

స్కీమాని మార్చినవాళ్ళు లేకపోలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లిపోల్డ్ హేకెన్ మెట్లు పూర్తిగా ఎత్తేసి, మెత్తటి పరుపులాంటి పలక మీద వేలు జార్చి వాయించే కంటిన్యువమ్ తయారుచేశాడు. దీన్ని వాడినవాళ్ళలో మన ఏ.ఆర్. రెహమాన్ ఉన్నాడు. 2013లో లండన్ నుంచి రోలి వాళ్ళ సీబోర్డ్ వచ్చింది, మెట్లున్నట్టే ఉంటాయి గానీ రబ్బరులా వంగుతాయి. వీటిని పాత మిడిలోనే ఇరికించాలి కదా? ఒక్కో వేలికి ఒక్కో ఛానెల్ ఇచ్చేశారు! ఛానెల్ మొత్తం వంగుతుందన్న పాత పరిమితినే ఉపాయంగా మార్చుకున్నారు. ఎంపీఈ అనే ఈ పద్ధతి 2018లో అధికారికంగా ప్రమాణమైంది. లెగసీ సిస్టమ్‌తో కాపురం చేసినవాళ్ళెవరైనా ఇది చూసి ముచ్చటపడతారు.

2020 జనవరిలో మిడి 2.0ని ఆమోదించారు. ఇందులో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వంగుతుంది. గాంధారం ఊగితే షడ్జమం నిలబడే ఉంటుంది. 1977లో వంద కిలోల యంత్రం వేలివేలికీ ఇచ్చిన స్వేచ్ఛ, ప్రమాణంలోకి రావడానికి నలభై ఏళ్ళ పైన పట్టింది. ప్రమాణం మీదుగా దుకాణంలో దొరికే మామూలు కీబోర్డులోకి రావడానికి ఇంకా సమయం ఉంది.

మరి కకెహాషి, స్మిత్‌లు తప్పు చేశారా? నేనలా అనుకోను. వాళ్ళు చేసింది వాళ్ళ ముందున్న కీబోర్డుల కోసం, అప్పటి చిప్పుల ధరల్లో. దానికి బయటి ప్రపంచం 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చి దండ వేసింది. వాళ్ళిద్దరి మధ్య జరిగిన ఇంకో సంగతి నాకు అంతకన్నా నచ్చింది. స్మిత్ కంపెనీ 1980 దశకం చివర్లో చితికిపోయి యామహా చేతికి వెళ్ళింది, సీక్వెన్షియల్ అన్న పేరుతో సహా. 2015లో యామహా ఆ పేరుని ఉచితంగా స్మిత్‌కి తిరిగి ఇచ్చేసింది. ఇప్పించినవాడు కకెహాషి, యామహాకి పోటీ కంపెనీ పెట్టిన మనిషి! ఆయన 2017లో, స్మిత్ 2022లో పోయారు. ప్రమాణాలు కాగితం మీద పుట్టినా వాటిని నిలబెట్టేది మనుషుల మధ్య ఉండే ఇలాంటి మర్యాదే అనిపిస్తుంది.

లోపం ఎక్కడుందంటే, ఆ బల్ల దగ్గర మన సంగీతం తెలిసినవాడు లేడు. ఉంటే 1983లోనే స్వరానికి విడిగా వంపు అడిగేవాడేమో. ప్రమాణం రాసే గదిలో లేనివాడి అవసరం స్పెసిఫికేషన్లో ఉండదు. తెలుగు అక్షరాలు కంప్యూటర్లో సరిగా కనపడటానికి ఎన్నేళ్ళు పట్టిందో చూసినవాళ్ళం, మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రపంచంలో సగం సాఫ్ట్‌వేరు మనవాళ్ళే రాస్తున్నాం అని చెప్పుకుంటాం గానీ, ఇలాంటి ప్రమాణాల బల్లల దగ్గర మనం ఎంతమందిమి కూచుంటున్నాం?

పోతే, ఇంటి సంగతి. కూకట్‌పల్లిలో అయినా న్యూజెర్సీలో అయినా పిల్లల సంగీతం అనగానే మనం కొనేది కీబోర్డే. కొనండి, తప్పేం లేదు. మాయామాళవగౌళలో సరళీవరసలు దాని మీద చక్కగా వస్తాయి, పిల్లలకి హుషారుగా ఉంటుంది. వర్ణం దగ్గరకి వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. అప్పటికి చెవి పన్నెండు మెట్లకి అలవాటు పడిపోయి ఉంటే, మధ్యలో దారి ఉందన్న సంగతే తెలియదు. తెలియనిదాన్ని పోగొట్టుకున్నామని కూడా అనిపించదు, నిజమైన నష్టం అదే.

శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు విని తీగ మీద పట్టుకునేవాడు. పద్యనాటకంలో జరిగింది కూడా అదే. రాగం గొంతులో ఉంది, పెట్టె ఆసరాగా ఉంది. అంచేత కీబోర్డు కొన్న రోజునే పాడించే గురువుని కూడా వెతకండి. ముందు గొంతులో గాంధారం ఊగనివ్వండి. ఆ తర్వాత కీబోర్డు ఏం ఇవ్వలేదో పిల్లలకే తెలుస్తుంది. వాళ్ళలో ఒకరో ఇద్దరో రేపు ఇంజనీర్లై ఆ లేనిదాన్ని అడుగుతారు.